బొమ్మ వెనక రాసిన పేరు

(మా ఊరి గ్రంథాలయంలో నెలనెలా జరిగే ఆదివారం సభలో మాట్లాడిన మాటలు. ఫోన్లో రికార్డు చేసింది విని రాసుకున్నాం. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? ఈ మైకు కొంచెం గీపెడుతోంది. సరే, దూరంగా పెట్టుకుంటాను.

నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మంది నా చేత చెవి మెలిపెట్టించుకున్న వాళ్ళే. (నవ్వులు) కాబట్టి నా దగ్గర యుద్ధతంత్రం, చమురు ధరలు ఆశించకండి. ట్యాంకుల గురించి యూట్యూబ్‌లో రోజంతా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఉక్రెయిన్ బొమ్మల గురించి చెప్తాను.

ముందు ఈ గరిటె చూడండి. చెక్క గరిటె, జానెడు ఉంటుంది. దీంతో నేను అన్నం వడ్డించుకోను, భయపడకండి.

2022 మార్చిలో మా వీధి చివరింటి కుర్రాడు ఉక్రెయిన్‌లోని విన్నిత్సియా నుంచి వచ్చాడు. అక్కడ ఎంబీబీఎస్ మూడో ఏడు. రొమేనియా బోర్డరు దాకా బస్సులో, చివర కాస్త దూరం చలిలో నడిచి, అక్కణ్ణుంచి మన ప్రభుత్వం పంపిన విమానంలో. ఆపరేషన్ గంగ అన్నారు కదా, అదే. ఆ వారం రోజులూ వాళ్ళమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. వాడు ఒక్క బ్యాగుతో దిగాడు. సర్టిఫికెట్లు, ఛార్జరు, రెండు జతల బట్టలు, ఈ గరిటె. "మీకే మాస్టారూ, మీకు రంగులంటే ఇష్టం కదా" అని ఇచ్చాడు. నేను అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందిరా, రష్యన్ డిజైనా?" అన్నాను.

వాడి మొహం మారిపోయింది. "అలా అనకండి మాస్టారూ. మా హాస్టల్ ఆంటీ వింటే మూడ్రోజులు మాట్లాడదు" అన్నాడు.

నాకు సిగ్గేసింది. కాని తప్పు నా ఒక్కడిదీ కాదు. మా తరం సోవియట్ పుస్తకాలు చదివి పెరిగింది. మాస్కోలో ప్రగతి వాళ్ళు, రాదుగ వాళ్ళు అచ్చేసిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్రలో కారుచౌకగా దొరికేవి. నున్నటి కాగితం, గట్టి అట్ట, లోపల రంగు బొమ్మలు. నేను బొమ్మలు వెయ్యడం నేర్చుకున్నదే వాటిలోంచి కాపీ కొట్టి. అందులో ఏ ఊరి కథైనా, ఎవరు వేసిన బొమ్మైనా మాకు అంతా రష్యానే. 2023లో మన తెలుగు సినిమా పాటకి ఆస్కార్ వచ్చింది. దాని వెనకాల కనిపించే నీలం భవనం కీవ్‌లోని మరీన్స్కీ ప్యాలెస్. 2021 ఆగస్టులో తీశారు. ఇంకో ఆర్నెల్లకి అదే ఊరి మీద క్షిపణులు. ఆ భవనం చూసి కూడా రష్యాలో తీశారట కదా అన్నవాళ్ళు నాకు తెలుసు.

అందుకే ఈ సాయంత్రం నా గోల అంతా ఒక్క విషయం చుట్టూనే. బొమ్మ కింద ఎవరి పేరు రాయాలి, ఏ ఊరి పేరు రాయాలి? ఉక్రెయిన్ వాళ్ళకి ఇది రెండు వందల ఏళ్ళ పోరు. 2022లో మనలాంటి వాళ్ళ కంటబడింది, అంతే.

గరిటె సంగతి పూర్తి చేస్తాను. దీన్ని పెట్రికివ్కా పని అంటారు. ద్నీప్రో నది ప్రాంతంలో పెట్రికివ్కా అని ఒక ఊరుంది. ఈ పూరేకు చూడండి. ఒక్క దెబ్బలో వేసింది. మొదట్లో లావు, కొసకి వచ్చేసరికి వెంట్రుక మందం. మన షాపుల్లో అమ్మే బ్రష్‌కి ఇంత కొస రాదు. వాళ్ళు పిల్లి వెంట్రుకలతో కుంచె కట్టుకుంటారు. పిల్లికేం కాదు లెండి, కాస్త కత్తిరిస్తారంతే. ఈ ఎర్రటి పళ్ళ గుత్తి ఉందే, కలీనా అంటారు, దాన్ని కుంచెతో వెయ్యలేదు. వేలికొస రంగులో ముంచి అద్దారు. నేను భూతద్దం పెట్టి చూశాను. ఒక పండు మీద వేలిముద్ర గీతలు తెలుస్తున్నాయి. ఎవరో ఒకావిడ వేలు. పూర్వం ఇది ఆడవాళ్ళు ఇంటి గోడల మీద, పొయ్యి చుట్టూ వేసుకునే పని. మన ముగ్గు లాగే, సంతకం ఉండదు. 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక సంతకం ఉన్నవాళ్ళ దగ్గరికి వద్దాం.

తరాస్ షెవ్‌చెంకో వాళ్ళ మహాకవి. కాని ఆయన చదువుకున్నది బొమ్మలు. 1814లో వెట్టి కుటుంబంలో పుట్టాడు. అంటే దొర ఆస్తిలో పశువులతో పాటు ఆయనా ఒక లెక్క. దొర వెంట సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళాడు. అక్కడ ఈ కుర్రాడి చేతిలో పని చూసి కొందరు పెద్దలు ముచ్చటపడ్డారు. కార్ల్ బ్రూలోవ్ అనే పేరున్న చిత్రకారుడు జుకోవ్‌స్కీ అనే కవి బొమ్మ గీశాడు. దాన్ని లాటరీలో పెట్టారు. వచ్చిన 2,500 రూబుళ్ళు దొర మొహాన కొట్టి 1838లో షెవ్‌చెంకోని విడిపించారు. గమనించండి, ఆయన్ని విడిపించింది రష్యా రాజధానిలోని కళాకారులే. ఇది దాచాల్సిన సంగతి కాదు. 1847లో రాజుకి వ్యతిరేకంగా రాశాడని పట్టుకుని, సిపాయిని చేసి మధ్య ఆసియా ఎడారుల వైపు పంపారు. ఆ ఉత్తర్వు మీద నికొలస్ చక్రవర్తి స్వయంగా ఒక ముక్క కలిపాడు. రాయనివ్వొద్దు, గీయనివ్వొద్దు అని. చిన్న చిన్న పుస్తకాలు కుట్టుకుని బూటు గొట్టంలో దాచి రాసుకున్నాడు ఆ మనిషి. పదేళ్ళు.

2022లో ఖార్కివ్‌లో ఆయన విగ్రహం చుట్టూ ఇసుక బస్తాలు పేర్చుకుంటూ పోయి, విగ్రహం కనపడకుండా కప్పేశారు. బొరొద్యాంకాలో ఆయన బస్టుకి ఆ అదృష్టం లేదు. తలలోంచి గుండు దూసుకుపోయింది.

ఇప్పుడు మీకెవరికీ తెలియని పేరు చెప్తాను. నాకూ మూడేళ్ళ క్రితం దాకా తెలీదు. మిఖాయ్లో బోయ్‌చుక్. 1882లో పుట్టాడు. క్రాకోవ్, పారిస్ తిరిగి వచ్చాడు. అందరూ పారిస్ వెళ్ళి పారిస్ వాళ్ళలాగా వెయ్యడం నేర్చుకుంటే, ఈయన మాత్రం పాత చర్చి పటాలు, పల్లెటూరి చెక్క బొమ్మలు, ఇటలీ గోడ చిత్రాలు ఇవన్నీ కలిపి కొత్త బాణీ కట్టాడు. గుడ్డు సొనతో కలిపిన రంగులు. తడి సున్నం మీద పని. కింద కూర్చుని వేసే బొమ్మ కాదిది, మంచె కట్టుకుని పదిమంది కలిసి వెయ్యాలి. సైనికుల బ్యారక్‌లో, ఒడెస్సాలో రైతుల ఆరోగ్య కేంద్రంలో, ఖార్కివ్ థియేటర్లో శిష్యులతో కలిసి గోడలు నింపాడు. యాపిల్స్ కోసే ఆడవాళ్ళు, చదువుకునే రైతులు. అన్నీ సోవియట్ ప్రభుత్వం అడిగిన విషయాలే! కాని మనుషుల నిలబడే తీరు, కళ్ళు, చేతులు చూస్తే పాత ఉక్రెయిన్ చర్చిలో దేవుళ్ళు గుర్తొస్తారు. అదే నేరం అయింది. 1937 జులై 13న బోయ్‌చుక్‌నీ, ఆయన శిష్యులు ఇవాన్ పదల్కా, వసిల్ సెద్ల్యార్‌లనీ కాల్చి చంపారు. అదే ఏడు డిసెంబర్‌లో ఆయన భార్య సోఫియాని కూడా. ఆవిడ చెక్క మీద చెక్కి అచ్చు తీసే పనిలో ఆరితేరిన మనిషి. ఆ సెద్ల్యార్ ఏం చేశాడనుకున్నారు? షెవ్‌చెంకో కవితలకి బొమ్మలు వేశాడు. ఆ పుస్తకాన్నీ నిషేధించారు.

మనుషుల్ని చంపాక గోడలు మిగిలాయి. వాటిని చెక్కేశారు, సున్నం కొట్టేశారు. నా చేతిలో సుద్దముక్క ఉన్న రోజుల్లో బోర్డు తుడవడం అంటేనే నాకు మనసొప్పేది కాదు. నాలుగు నెలలు వేసిన గోడని ఉలితో చెక్కించడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

కాన్వాసులు ఏమయ్యాయి? కీవ్ మ్యూజియంలో 1937 నుంచి 39 దాకా ఒక రహస్య విభాగం పెట్టారు. స్పెత్స్‌ఫోండ్ అంటే ప్రత్యేక నిధి. పేరు ఎంత గొప్పగా ఉందో చూడండి. ప్రజల శత్రువుల బొమ్మలన్నీ వివిధ మ్యూజియంల నుంచి తెచ్చి చుట్టలు చుట్టి అక్కడ పడేశారు. ఎవరూ చూడకూడదు. తగలబెట్టాల్సిన వాటిని, ఎందుకో తగలబెట్టలేదు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, జర్మన్లు వచ్చారు, పోయారు. ఆ చుట్టలు బతికిపోయాయి. దశాబ్దాల తర్వాత ఒక్కొక్కటే విప్పి, ముడతలు సాపు చేసి, పేర్లు వెతికి పెట్టారు.

అసలు కథ ఇప్పుడు వస్తుంది. 2022లో ఆ బొమ్మల్ని మళ్ళీ దాచాల్సి వచ్చింది. ఈసారి క్షిపణుల నుంచి. సురక్షితంగా ఉండాలంటే దేశం దాటించాలి. స్పెయిన్‌లో మాడ్రిడ్ నగరంలోని థిస్సెన్ మ్యూజియం ఎగ్జిబిషన్ పెడతామంది. నవంబర్ 15 తెల్లవారుజామున లారీలు కీవ్ నుంచి బయల్దేరాయి. ఆ రోజే రష్యా ఉక్రెయిన్ మీద దాదాపు వంద క్షిపణులు వేసింది. అప్పటిదాకా జరిగిన దాడుల్లో అంత పెద్దది లేదంటారు. లారీలు ల్వీవ్ వైపు వెళ్తుంటే ల్వీవ్ మీదా పడ్డాయి. ఎలాగో పోలండ్ సరిహద్దు చేరేసరికి, సరిహద్దు దగ్గరి పోలండ్ గ్రామంలో ఒక క్షిపణి పడి ఇద్దరు చనిపోయారు. గేటు మూసేశారు. మనం వార్తల్లో "మూడో ప్రపంచ యుద్ధం మొదలైందా?" అని టెన్షన్ పడిన రాత్రి అదే, గుర్తుందా? ఆ రాత్రి ఆ గేటు ఇవతల లారీలో బోయ్‌చుక్ శిష్యుల బొమ్మలున్నాయి. ఒకసారి స్టాలిన్ నుంచి, ఒకసారి హిట్లర్ నుంచి తప్పించుకున్న కాగితాలూ గుడ్డలూ మూడోసారి రోడ్డు మీద.

చేరాయి. నెలాఖరుకి మాడ్రిడ్‌లో గోడల మీదకి ఎక్కాయి. తర్వాత కొలోన్, బ్రస్సెల్స్, వియన్నా, 2024లో లండన్. ఆ ఎగ్జిబిషన్ పేరు "తుపాను కంట్లో" అనే అర్థం వచ్చేట్టు పెట్టారు. తమ ఊళ్ళో వేసిన గోడలు దక్కనివాళ్ళకి చచ్చి ఎనభై ఏళ్ళకి యూరప్ గోడలన్నీ దొరికాయి.

(కాసేపు ఆగి నీళ్ళు తాగారు.)

సరిగ్గా అదే 2022 నవంబర్ మొదటి వారంలో ఇంకొన్ని లారీలు ఇంకో దిక్కుకి బయల్దేరాయి. ఖెర్సన్ అని దక్షిణాన ఊరు. మార్చి నుంచి రష్యా సైన్యం చేతిలో ఉంది. నవంబర్ 11న వాళ్ళు ఖాళీ చేశారు. పోయేముందు ఖెర్సన్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్న సుమారు 14,000 వస్తువుల్లో 10,000కి పైగా లారీల్లో వేసుకుని, రష్యా చేతిలో ఉన్న క్రైమియాలోని సింఫెరోపోల్ మ్యూజియానికి తీసుకుపోయారు. కాపాడటానికి తీసుకెళ్ళాం అన్నారు. ఈ మాట నాకు చాలా కాలం గుర్తుండిపోయింది. దొంగ కూడా అనొచ్చుగా, మీ ఇంట్లో పాములున్నాయి, నగలు మా ఇంట్లో పెట్టాను అని.

అక్కడ ఇప్పుడు ఖెర్సన్ మ్యూజియం ఉద్యోగులు చేస్తున్న పని వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. సింఫెరోపోల్ నుంచి ఏ వీడియో వచ్చినా, ఏ ఫోటో వచ్చినా పెద్దది చేసి చూస్తారు. గోడకి ఆనించిన ఫ్రేముల్లో ఒక మూల కనపడితే చాలు, తమ దగ్గరున్న కేటలాగుతో పోల్చి, ఇది ఫలానా చిత్రకారుడిది, ఫలానా పేరు అని గుర్తుపట్టి, బహిరంగంగా రాస్తారు. ఇది మాది. ఇదీ మాది. అలా ఒక్కొక్కటే. హాజరు పట్టీ పిలిచినట్టు.

మరియా ప్రిమచెంకో గురించి చెప్పకుండా పోలేను. నాకు అందరికంటే ఇష్టమైన మనిషి. 1909లో కీవ్‌కి ఉత్తరాన బొలొత్న్యా అనే పల్లెలో పుట్టింది. చిన్నప్పుడే పోలియో. బాతులు కాసే పిల్లగా ఉన్నప్పుడు ఇసుకలో పువ్వులు గీసేదట. ఒకరోజు నీలంగా ఉండే మట్టి దొరికితే తెచ్చి ఇంటి గోడకి బొమ్మలు వేసింది. చూసిన వాళ్ళంతా మా ఇంటికీ వెయ్యమ్మా అన్నారు. 1937లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పతకం వచ్చింది. ఏ సంవత్సరమో చూశారా? బోయ్‌చుక్‌ని చంపిన ఏడే. ఒక చేత్తో పతకం, ఒక చేత్తో తుపాకి. పల్లెటూరి ఆడమనిషి, పువ్వులూ జంతువులూ వేసుకుంటుంది, దీనివల్ల ప్రమాదం లేదు అనుకున్నారు కాబోలు.

ఆవిడ జంతువులు ఏ అడవిలోనూ ఉండవు. సింహానికి మనిషి కళ్ళు, ఏనుగుకి పూల తొడుగు. నల్లటి మృగం నోట్లో ఎర్రటి పళ్ళు. వేసింది మామూలు కాగితం మీద, గ్వాష్ రంగులతో. మన పిల్లలు స్కూల్లో వాడే పోస్టర్ కలర్ లాంటివే. దగ్గరగా చూస్తే ఒక్క గీత కూడా దిద్దిన గుర్తు ఉండదు. రంగుపక్కన రంగు పెట్టే ధైర్యం, నా ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఏడేళ్ళ లోపు పిల్లల్లోనే చూశాను. ఎనిమిదో ఏడు రాగానే మేం మాస్టార్లం చెడగొట్టేస్తాం.

బొమ్మ వెనక్కి తిప్పితే ఇంకో బొమ్మ ఉంటుంది, మాటల బొమ్మ. తన చేత్తో పెద్ద పెద్ద అక్షరాలతో, పాటలాగా పేరు రాసేది. 1982లో వేసిన ఒక బొమ్మ పేరు, ఈ ఉక్రెయిన్ రొట్టెని ఈ పెద్ద లోకంలో మనుషులందరికీ పెడతాను అని వస్తుంది. 1978లో వేసిన మృగానికి, అణుయుద్ధం నాశనమైపోను అని శాపనార్థం. 1986లో చెర్నోబిల్ పేలింది. ఆవిడ ఊరు దానికి దగ్గరే. ఊరు వదలలేదు. 1990లో నాలుగో బ్లాకు దగ్గర పువ్వులు పూశాయని ఒక బొమ్మ వేసింది. నాలుగో బ్లాకంటే పేలిన రియాక్టర్.

2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. మరుసటి రోజుకే ఇవాన్‌కివ్ అనే చిన్న టౌన్లో మ్యూజియం తగలబడింది. అందులో ప్రిమచెంకో బొమ్మలు పాతిక దాకా ఉన్నాయి. ఊరివాళ్ళే మంటల్లోకి దూరి చేతికందినవి బయటికి తెచ్చారు. మిలిటరీ వాళ్ళు కాదు, పురావస్తు శాఖ వాళ్ళు కాదు. చుట్టుపక్కల జనం. ఆ మే నెలలో నాలుగో బ్లాకు పువ్వుల బొమ్మని వేలం వేస్తే 5 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు సైన్యానికి వాహనాలు కొనడానికి ఇచ్చారు. అణుయుద్ధాన్ని శపించిన మనిషి బొమ్మతో మిలిటరీ వ్యాన్లు కొన్నారు! ఆవిడ ఉంటే ఒప్పుకునేదా? నాకు అనుమానమే. ఒప్పుకునేదేమో కూడా. 1941 యుద్ధంలో తన మనిషిని పోగొట్టుకున్నావిడ.

అల్లా హోర్స్కా అనే చిత్రకారిణి గురించి రెండు ముక్కలు. 1964లో కీవ్ యూనివర్సిటీలో స్నేహితులతో కలిసి షెవ్‌చెంకో మీద రంగు అద్దాల కిటికీ చేసింది. తెర తియ్యకముందే అధికారులు పగలగొట్టించారు. మరియుపోల్‌లో 1967లో మొజాయిక్‌లు, అంటే రంగు ముక్కలు గోడకి అతికి చేసే బొమ్మలు, చేసింది, ఒకటి చెట్టు, ఒకటి గాలిలో నిలబడే డేగ. 1970లో వాసిల్కివ్ అనే ఊళ్ళో ఆవిడ శవం దొరికింది. హత్య. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ పనేనని అక్కడ చాలామంది నమ్ముతారు. ఆ మొజాయిక్‌లు 2022 మరియుపోల్ యుద్ధంలో దెబ్బతిన్నాయి. ఆవిడ తరం చిత్రకారిణి ల్యుబోవ్ పాన్చెంకో, కోటు గుడ్డ ముక్కలు కత్తిరించి అతికించి బొమ్మలు చేసేది. బుచాలో ఉండేది. రష్యా సైన్యం ఊళ్ళో ఉన్న నెల రోజులూ తిండి లేక చిక్కి శల్యమై, ఆస్పత్రిలో ఏప్రిల్ 30న పోయింది. 84 ఏళ్ళు.

వాసిల్కివ్ అన్నాను కదా, ఆ ఊళ్ళోనే ఒక పింగాణీ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ చేసిన కోడిపుంజు కూజాలు పాతకాలం ఇళ్ళల్లో వంటగదుల్లో ఉండేవి. మన ఇళ్ళల్లో షోకేసులో పెట్టే బొమ్మల్లాగా, ఎవరూ పట్టించుకోని వస్తువు. బొరొద్యాంకాలో బాంబు పడి అపార్ట్‌మెంటు సగానికి కూలిపోయింది. నేల లేదు, పైకప్పు లేదు, ఒక్క గోడ నిలబడి ఉంది. ఆ గోడకి మేకులతో కొట్టిన వంటింటి అలమర. తలుపు కూడా ఊడలేదు. గిన్నెలు సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. అలమర మీద ఆ కోడిపుంజు. ఫోటో దేశమంతా తిరిగింది. ఆ అలమరలాగా గట్టిగా ఉండు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. తర్వాత దాన్ని దింపి కీవ్‌లో మ్యూజియంకి ఇచ్చారు. అక్కడితో ఆగారా? కోడిపుంజు కప్పులు, టీషర్టులు, మాగ్నెట్లు. కీవ్ వచ్చిన బ్రిటన్ ప్రధానికి కూడా ఒక పుంజు ఇచ్చారు. కొంచెం ఎక్కువైంది అనిపించింది నాకు. కాని మేకు కొట్టినవాడికి దణ్ణం పెట్టాలి. (నవ్వులు)

ఇప్పటి ఆర్టిస్టుల్లో ఇద్దరు. జాన్నా కదీరోవా కీవ్ నుంచి పారిపోయి పడమటి కొండల్లో ఒక పల్లె చేరింది. అక్కడి ఏట్లో నీళ్ళకి నున్నగా అరిగిన గుండ్రాళ్ళు చూసి, అచ్చు రొట్టెల్లా ఉన్నాయే అనుకుంది. రాయి కోసే రంపంతో ముక్కలు కోసి, బల్ల మీద బట్ట పరిచి పెట్టింది. పేరు పల్యనిత్స్యా. అది వాళ్ళ గోధుమ రొట్టె పేరు. ఆ మాట రష్యన్ నోటికి సరిగా తిరగదని, చెక్‌పోస్టుల దగ్గర అనుమానం వచ్చిన వాణ్ణి పల్యనిత్స్యా అనమనేవాళ్ళు. మన "ళ"తో పరీక్ష పెట్టినట్టు అనుకోండి. ప్రిమచెంకో రొట్టె అందరికీ పెడతానంది. నలభై ఏళ్ళకి అదే రొట్టె రాయి అయింది. ఆ రాళ్ళు అమ్మిన డబ్బు కూడా సైన్యానికే పోయింది.

రెండోవాడు పావ్లో మకోవ్. ఖార్కివ్ మనిషి. ఇటలీలో వెనిస్ బినాలే అని రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన ఉంది, 2022లో అక్కడ ఉక్రెయిన్ తరఫున ఆయన పని. 78 కంచు గరాటులు. పైన ఒకటి, కింద రెండు, తర్వాత మూడు, అలా పన్నెండు వరసలు. పైన నీళ్ళు పోస్తే పంచుకుంటూ పంచుకుంటూ కిందికొచ్చేసరికి బొట్లు. తొంభైల్లో ఖార్కివ్‌లో నీటి ఎద్దడి చూసి పుట్టిన ఊహ అది. యుద్ధం మొదలైన రోజు సాయంత్రం మరియా లాంకో అనే క్యురేటర్, అంటే ఆ ప్రదర్శన ఏర్పాట్లు చూసే ఆవిడ, ఆ 78 గరాటులూ పెట్టెల్లో సర్ది, తన కారు డిక్కీలో వేసుకుని కీవ్ నుంచి బయల్దేరింది. సొంత సామాన్ల కంటే అవి ఎక్కువ.

ఈ మకోవ్ ఎక్కడ పుట్టాడో తెలుసా? లెనిన్‌గ్రాడ్‌లో. ఇది పట్టుకోండి, ఎందుకంటే మ్యూజియంలో బొమ్మ పక్కన పెట్టే పేరు పలకల గొడవ దగ్గర పనికొస్తుంది. 2022 ఏప్రిల్‌లో లండన్ నేషనల్ గ్యాలరీ ఫ్రెంచి చిత్రకారుడు డెగా వేసిన "రష్యన్ డాన్సర్లు" అనే బొమ్మ పేరు "ఉక్రేనియన్ డాన్సర్లు" అని మార్చింది. జడల్లో రిబ్బన్లు పసుపు, నీలం. అది సరైన దిద్దుబాటే. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం కుయిన్జీని, రేపిన్‌నీ ఉక్రేనియన్ చిత్రకారులని రాసింది. కుయిన్జీ మరియుపోల్‌లో గ్రీకు కుటుంబంలో పుట్టినవాడు. ఆయన పేరిట అక్కడున్న మ్యూజియం 2022 మార్చిలో బాంబుకి దెబ్బతింది. ఆయన అసలు చిత్రాలు మూడు, రష్యా చేతిలో ఉన్న దొనెత్స్క్‌కి పోయాయి. రేపిన్ ఖార్కివ్ దగ్గర చుహుయివ్‌లో పుట్టాడు. కొసాక్కు యోధులు సుల్తాన్‌కి ఉత్తరం రాసే బొమ్మ ఆయనదే, వోల్గా నదిలో పడవ లాగే కూలీల బొమ్మా ఆయనదే. మలేవిచ్ అనే ఇంకో పేరున్న చిత్రకారుడు కీవ్‌లో పోలిష్ తల్లిదండ్రులకి పుట్టాడు. 1928 నుంచి రెండేళ్ళు కీవ్‌లో పాఠం చెప్పాడు.

వీళ్ళని "రష్యన్" అని ఒక్క ముక్కలో రాసి వందేళ్ళు గడిపేశారు. అది తప్పు. కాని దాన్ని కొట్టేసి "ఉక్రేనియన్" అని ఇంకో ఒక్క ముక్క రాస్తే సరిపోతుందా? రేపిన్ విషయంలో నాకు మనసొప్పదు. పుట్టిన ఊరే లెక్కైతే మకోవ్‌ని రష్యాకి ఇచ్చెయ్యాలి! పలక మీద నాలుగు ముక్కలు ఎక్కువ రాస్తే పోయిందేముంది? ఎక్కడ పుట్టాడు, ఏ రాజ్యంలో, ఏ భాషలో, ఎక్కడ పనిచేశాడు. బోయ్‌చుక్ దగ్గర మాత్రం ఈ సందేహం లేదు. ఉక్రేనియన్ అనే పేరు కిందే చంపారు, ఆ పేరే రాయండి.

ఇక ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మాస్టారూ, మనుషులు చచ్చిపోతుంటే బొమ్మల గొడవ అవసరమా?)

మంచి ప్రశ్నమ్మా. ఇంట్లో మా ఆవిడా ఇదే అడిగింది. కీవ్‌లో ఖానెంకో మ్యూజియం అని ఉంది. 2022 అక్టోబర్ 10న పక్కనే క్షిపణి పడి కిటికీ అద్దాలన్నీ పోయాయి. బొమ్మలు ముందే దాచేశారు కాబట్టి బతికాయి. గోడలు ఖాళీ. ఆ ఖాళీ హాళ్ళు చూడటానికి జనం వెళ్ళారు. ఆ చచ్చిపోతున్న ఊళ్ళోని మనుషులే. అవసరమో కాదో వాళ్ళని అడగాలి, నన్ను కాదు.

(ప్రశ్న: మరి రష్యా ఆర్టిస్టులందరినీ వెలివేయాలా?)

నేనైతే అనను. అదే వెనిస్‌లో రష్యా భవనంలో ప్రదర్శించాల్సిన ఇద్దరు రష్యన్ ఆర్టిస్టులు, వాళ్ళ లిథువేనియా క్యురేటర్, యుద్ధం మొదలైన రోజుల్లోనే మేం చెయ్యం అని తప్పుకున్నారు. భవనానికి తాళం పడింది. కాని ఇది ఇంత దూరంలో, ఫ్యాను కింద కూర్చుని చెప్పే మాట అని నాకు తెలుసు. అన్నం దొరక్క పోయిన పాన్చెంకో ఇంటివాళ్ళ ముందు ఇదే మాట అనగలనా? తెలీదు.

(ప్రశ్న: ఆ గరిటె ఒకసారి చూడొచ్చా సార్?)

చూడండి, ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. రంగు మీద గోరు పెట్టొద్దు. వెనక్కి తిప్పమ్మా. కాడ మీద నీలం పెన్నుతో ఏదో రాసుంది కదా. ఆ లిపి నాకు రాదు. కుర్రాడు చదివి చెప్పాడు. పెట్రికివ్కా అనట. ఎవరు వేశారో లేదు, ఊరి పేరొక్కటే ఉంది.